తడి ఆరేలోపు

మాపును మూడోసారి పిండి, పిన్ని నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఆరో అంతస్తు వరండా ఇంకా సగం మిగిలే ఉంది. పసుపుపచ్చ బోర్డు కాళ్ళు రెండూ చాపి తడి నేల మీద నిలబెట్టింది. దాని మీద నల్ల బొమ్మ మనిషి, ఒక కాలు గాల్లో, చేతులు రెక్కల్లా. పంతొమ్మిదేళ్ళుగా వాడు జారుతూనే ఉన్నాడు గానీ ఒక్కసారీ నేలకి తగల్లేదు.

"పెట్టి పుట్టావురా" అంది వాడితో, రోజూ అన్నట్టే.

ఆ ఆఫీసులో అందరికీ ఆవిడ పిన్నే. పెద్ద సారు నుంచి లిఫ్టు బాగుచేసే మనిషి దాకా అదే పిలుపు. ఆ అందరిలో ఒక్కరి తల్లికైనా ఆవిడ చెల్లెలు కాదు. కార్డు మీద వయసు యాభై ఎనిమిది. మోకాళ్ళని అడిగితే అరవై అయిదు చెబుతాయి.

ఈ నెలలో రెండుసార్లు పడింది. ఒకసారి స్నానాల గదిలో, ఒకసారి మంచం పక్కన. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో కళ్ళారా చూసింది. రెండో అంతస్తు తుడిచే ముసలాయన పోయినేడు మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆఫీసువాళ్ళు పళ్ళు తీసుకెళ్ళి, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో" అన్నారు. ఆయన మంచం మీంచి లేవకముందే ఆయన చోటులోకి ఇంకో మనిషి వచ్చాడు. ఎవరి బకెట్టు ఆగిందని?

ఉద్యోగం పోతుందన్న దిగులు ఒకటి. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. తొమ్మిదేళ్ళ కిందట మొగుడు వంటింటి గడప దగ్గర జారాడు. పొద్దున ఈవిడ డ్యూటీకి వచ్చాక జారాడు, సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా అలాగే ఉన్నాడు. మంచినీళ్ళ గ్లాసు చేతికి జానెడు దూరంలో ఉంది. ఎముక ఒక్కటీ విరగలేదు. నాలుగో రోజున పోయాడు. పడ్డందుకు కాదు, లేపే దిక్కులేక రోజంతా పడి ఉన్నందుకు పోయాడని పిన్ని నమ్మకం. ఇప్పుడు ఆ గడప దగ్గర పడితే సాయంత్రం తలుపు తీసే మనిషి కూడా లేదు.

అందుకే ఫోను పట్టుకుంది. అక్క కూతురు కొత్తది కొనుక్కుని ఇచ్చేసిన పాతది, అద్దం మీద మూలనుంచి మూలకి పగులు. చిన్న అక్షరాలు కూడబలుక్కోలేదు కాబట్టి మైకు బొమ్మ నొక్కి, చెవుడున్న వియ్యపురాలితో మాట్లాడినట్టు అరిచేది: "ముసలివాళ్ళు పడిపోతే ఎలా లేవాలి?"

అడిగిందే తడవు, వీడియోల సంత దిగింది. ఒకడు నూనె అమ్మాడు. ఒకడు పొడి తాగమన్నాడు. ఒకడు భయం పుట్టించే వాయిద్యం వెనకాల పెట్టి, "ఈ తప్పు చేస్తే మీ తుంటి ఇక అంతే" అన్నాడు. ఏ తప్పో చివరిదాకా చెప్పలేదు, దొంగ సచ్చినాడు. బస్సులో వస్తూ పోతూ వారం పాటు వెతగ్గా ఒక డాక్టరమ్మ దొరికింది. మంచి బట్టలతోనే నేల మీద వెల్లకిలా పడుకుని చూపించిందావిడ. పిన్ని ఆవిడకన్నా ముందు ఆ నేలని చూసింది. మూలల్లో చార లేదు, గోడ వారన మురికి గీత లేదు. తన ఇల్లు ఇలా తుడుచుకునే మనిషి అబద్ధం చెప్పదని తేల్చుకుంది.

"పొద్దున్నే ఎవరితో పిన్నీ ముచ్చట్లు?" అన్నాడు వాచ్‌మన్ ఒక ఉదయం గేటు దగ్గర.

"డాక్టరమ్మతో. స్నానాల గది గోడకి కడ్డీ బిగించుకోమంటోంది."

"బిగించుకో మరి."

"మేకు కొడితే గోడ కంటే ముందు మా ఇంటి ఓనరమ్మ పగులుతుంది!"

వాచ్‌మన్ నవ్వాడు. కడ్డీ ఎందుకని అడగలేదు. అడగనందుకు పిన్ని బతికిపోయింది.

పక్కకి తిరగాలి. మోచేతి మీద లేవాలి. పాకుతూ గట్టి కుర్చీ దాకా వెళ్ళాలి. రెండు చేతులూ దాని మీద ఆనించి, బలమున్న కాలు ముందుకు వేసి లేవాలి. డాక్టరమ్మ చెప్పింది ఇంతే. పిన్ని ఇంట్లో కుర్చీ లేదు. ఆఫీసులో రెండొందలున్నాయి, అన్నిటికీ చక్రాలే. నాలుగు కాళ్ళ మీద నిలబడేది ఆరో అంతస్తు పాత కాగితాల గదిలో ఒక్కటి మిగిలింది, చెయ్యి విరిగిన చెక్క కుర్చీ.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక ఆ గది ముందు నేల తుడిచి, బోర్డు పెట్టి, లోపలికి వెళ్ళి, డాక్టరమ్మ వీడియో పెట్టిన ఫోను కాగితాల పెట్టె మీద ఆనించి, నేల మీద పడుకునేది. తడి ఆరడానికి ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలూ బోర్డు దాటి ఎవరూ రారు. పది రోజులుగా అదే బడి. తిరగడం వచ్చింది, పాకడం వచ్చింది. ఎడమ కాలు ముందుకు వేసేసరికి తొడ వణికి కూలబడేది.

ఇవాళ కూడా కూలబడింది. మళ్ళీ పడుకుంది. ఈసారి కుడి కాలు వేద్దామన్న ఆలోచన తట్టింది. ఆ సంబరంలో నిమిషాల సంగతి మరిచిపోయింది.

బయట నేల ఆరిపోయింది. ఆరిన నేల మీద బోర్డు ఎందుకుందా అని సూపర్‌వైజరు తలుపు తోశాడు.

"అయ్యో పిన్నీ! పడ్డావా?"

"లేదు బాబూ. ముట్టుకోకు."

"ముట్టుకోకపోతే ఎలా? చెయ్యి ఇలా ఇయ్యి."

"ముట్టుకోకన్నానా! లేవడం నేర్చుకుంటున్నా."

అతను చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పిన్ని పక్కకి తిరిగింది, మోచేతి మీద లేచింది, పాకింది. కుర్చీ పట్టుకుంది. కుడి కాలు వేసింది. ఒక్క ఊపిరి తీసుకుని నిటారుగా నిలబడింది. చెంగుతో ముఖం తుడుచుకుని, పరీక్ష పాసైన పిల్లలా అతని వంక చూసింది.

అతను ఆవిడని చూడటం లేదు. పెట్టె మీద మాట్లాడుతూనే ఉన్న ఫోను ఆపబోయి చేతిలోకి తీసుకున్నాడు. వేలితో కిందికి జరుపుతున్నాడు. ఆవిడ అడిగినవన్నీ వరసగా ఉన్నాయి. స్నానాల గదిలో పడితే. కళ్ళు తిరిగి పడితే. ఒకసారి పడినవాళ్ళు మళ్ళీ పడతారా.

"ఎన్నిసార్లు పడ్డావు పిన్నీ?"

ఆవిడ కుర్చీని మళ్ళీ గోడ వారకి జరిపింది.

"ఇక్కడ పడితే నా పీకల మీదికి వస్తుంది. నేనూ పిల్లలున్నవాణ్ణే." కుర్రాడు చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే కనీసం తిట్టుకోవడానికైనా పనికొచ్చేవాడు. తల దించుకుని, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో" అన్నాడు.

"ఇప్పుడు లేచాను గదా బాబూ. చూశావుగా."

"చూశాను."

ఫోను ఆవిడ చేతిలో పెట్టాడు.

"పళ్ళు మాత్రం తేకండి. అంత దూరం రావద్దు" అంది చివరికి.

బకెట్టు కడిగి బోర్లించింది. మాపు పిండి, కుచ్చు పైకి వచ్చేలా గోడకి ఆనించింది. ఫోను చెంగులో ముడేసుకుని, డాక్టరమ్మ చెప్పినట్టే మెట్ల కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ రెండు కాళ్ళతో తొక్కుతూ ఆరంతస్తులూ దిగిపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ లేడు, భోజనానికి వెళ్ళాడు.

సాయంత్రం ఆఫీసు వదిలాక ఆరో అంతస్తులో జనం గోడ వారన ఒకరి వెనక ఒకరు జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ వెళ్ళారు. వరండా మధ్యలో, కాగితాల గది ముందు, ఎప్పుడో ఆరిపోయిన నేల మీద పసుపుపచ్చ బోర్డు, దాని మీద చేతులు చాచిన నల్ల మనిషి, ఒక కాలు ఇంకా గాల్లోనే.