గాల్లో కలిసిన పటం

విమానాలు కొత్తగా ఎగరనేర్చిన రోజుల్లో, అవి దిగడానికి పనికొచ్చే మైదానాలను ఎర్ర చుక్కలతో గుర్తించి అచ్చువేసిన రాష్ట్ర పటం అది. మ్యూజియంలో దాన్ని ముప్పై ఏళ్లు కంటికి రెప్పలా కాచిన పెద్దాయన రిటైరై రెండు నెలలైనా కాకముందే అది కనిపించకుండా పోయింది. పోగొట్టింది తానేనని సంతకం చేయడానికి రమ్మని ఆయనకు కబురొచ్చింది.

"పటాల గది అంగుళం వదలకుండా వెతికించామండీ. గాల్లో కలిసిపోయింది," అన్నారు డైరెక్టరమ్మ.

"కాగితం గాల్లో కలవదమ్మా. ఎవరో ఎక్కడో పెట్టి ఉంటారు. జాబితా తిరగరాసిందెవరు?"

"నేనేనండి," అన్నాడు కొత్త గుమాస్తా. "మీరు వెళ్లేముందు చెప్పిన పేర్లు రాసుకుని, పేరుని బట్టి సామానంతా సర్దాను."

ఆ పటానికి తాను ముద్దుగా పెట్టుకున్న పేరు పెద్దాయనకు చప్పున గుర్తొచ్చింది. సంతకం కాగితాన్ని బల్ల మీదే వదిలి లేచారు.

"ఆటబొమ్మల గదికి పదండి."

"అక్కడ బొంగరాలు తప్ప ఏముంటాయండీ?" అని నవ్వుతూనే ఆయన వెంట నడిచారు డైరెక్టరమ్మ.

బొంగరాల పక్క బీరువాలో, చుట్టిన చుట్ట విప్పకుండా, పటం భద్రంగా ఉంది. దానికి కట్టిన చీటీ మీద గుమాస్తా గుండ్రటి అక్షరాలున్నాయి: "పాత గాలిపటం. తోక లేదు."

"మీరు చెప్పిందే రాశానండీ," అని గొణిగాడు గుమాస్తా. "తోక కోసం చాలా వెతికాను కూడా."

"నీ తప్పేం లేదు నాయనా, పేరు పెట్టింది నేను," అన్నారు పెద్దాయన. "దానికైతే ఇప్పుడే సంతకం చేస్తాను."