వాన తేని తూనీగలు

“ఇంకా ఆగస్టు దాటలేదు విమలా! ఎనభై అయిదు ఫారన్‌హీట్ ఎండలో రగ్గులు ఆరేసిన ఇల్లు ఈ కౌంటీ మొత్తం మీద మనదొక్కటే.”

సుందర్ రాజ్ ఆ మాట అనడం అప్పటికి మూడోసారి. మొదట కాఫీ తాగుతూ నవ్వుతూ అన్నాడు. తర్వాత గడ్డి కోసే మిషన్ ఆపి మరీ అన్నాడు. ఈసారి విసుక్కున్నాడు. విమలకుమారి నోట్లో క్లిప్పులు పెట్టుకుని ఉండబట్టి ఇంతవరకూ జవాబివ్వలేదు. ఇప్పుడు వాటిని చేతిలోకి తీసుకుంది.

“అక్టోబర్‌లో ఆరేద్దామంటే ఎండెక్కడుంటుందండీ? ఇంతింత బరువు రగ్గులు నేనొక్కదాన్నే దులపగలనా?”

“ఒక్కదానివెందుకు? నేను లేనూ?”

“క్యాంపెయిన్ మొదలయ్యాక మీరు ఇంట్లో ఎప్పుడున్నారు?”

“అదిగో, మళ్ళీ అక్కడికే వచ్చావ్.”

వెనక మెట్ల మీద కూర్చుని పీచ్ పండు తింటున్న జ్యోతి కిసుక్కున నవ్వింది. పదమూడేళ్ళ పిల్ల. “మమ్మీకి ఎవ్రీ ఇయర్ ఇంతే డాడీ. మా స్కూల్ స్టార్ట్ అవ్వకముందే మమ్మీకి వింటర్ వచ్చేస్తది.”

“నువ్వు తినవే ముందు. రసమంతా గౌను మీద కారుతోంది,” అంది వాళ్ళ నానమ్మ జ్ఞానమ్మ. ఆవిడ మేపుల్ చెట్టు నీడ పడని చోటు చూసి పాత దుప్పటి పరుచుకుని మినప వడియాలు పెడుతోంది.

క్యాంపెయిన్ అంటే ఓట్ల ప్రచారం కాదు. సుందర్ రాజ్ తణుకు వైపు చెరకు ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేసి, అయిదేళ్ళ కిందట మిషిగన్‌లో ఈ మారుమూల ఊరికి వచ్చాడు. ఇక్కడ చక్కెర చెరకు నుంచి రాదు, ముల్లంగి లావున ఉండే బీట్ దుంపల నుంచి వస్తుంది. సెప్టెంబర్‌లో దుంపలు తవ్వడం మొదలైతే ఫిబ్రవరిలో ఆఖరి లారీ ఖాళీ అయ్యేదాకా ఫ్యాక్టరీ ఆగదు; దాన్నే క్యాంపెయిన్ అంటారు. అతనికి పన్నెండేసి గంటల డ్యూటీ, ఆదివారం లేదు, క్రిస్మస్ లేదు. ఆ అయిదు నెలలూ విమలకి కిటికీలోంచి మంచు, పొలాలకి అవతల ఫ్యాక్టరీ పొగ, చక్కెర వండుతుంటే ఇంట్లోకి కూడా వచ్చే ఓ రకమైన కుళ్ళు వాసన. మంచులో కారు తీయడం ఆమె వల్ల కాదు. ఓసారి తీసి కాలవలోకి దింపింది.

అందుకే ఎండాకాలం ముగుస్తోందని ఆ ఇంట్లో అందరికంటే ముందు ఆమెకి తెలిసిపోతుంది. ఈ ఏడాది పదిహేను రోజులై చూస్తోంది. మేపుల్ చెట్టు ఉత్తరం వైపు కొమ్మ ఒక్కటి ఎర్రబడింది. తక్కినదంతా పచ్చగానే ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. రోడ్డు పక్క కాలవ గట్ల మీద పేరు తెలియని పసుపు పూల మొక్కలు నిలువెత్తు లేచాయి. మొక్కజొన్న చేలో కింది ఆకులు ఎండి, గాలి వీస్తే కొత్త కాగితం నలిపినట్టు చప్పుడు. సాయంత్రం గిన్నెలు తోముతుంటే జూలైలో కళ్ళలో పడిన ఎండ ఇప్పుడు చేతుల మీద కూడా పడటం లేదు. చూసినకొద్దీ ఆమెకి కాలు నిలిచేది కాదు. సర్దిన అలమరే మళ్ళీ సర్దేది. పొయ్యి మీద పాలు పెట్టి, పెరట్లోకి పోయి ఆ కొమ్మ వైపు చూసొచ్చేది. పాలు పొంగిపోయేవి.

ఈసారి దానికి తోడు గురువారం నాడు శశికళ ఫోను. గుంటూరు మిషన్ ఆస్పత్రిలో విమల నర్సుగా చేసిన నాలుగేళ్ళూ శశికళ అక్కడ జూనియర్ డాక్టరు. ఇప్పుడు మిషిగన్‌లోనే ట్రాయ్ పట్నంలో పెద్ద డాక్టరు.

“మా హాస్పిటల్‌లో నర్సుల కింద ఎయిడ్‌గా తీసుకుంటారు విమలా, నేను మాట్లాడాను. ఇక్కడి నర్సు లైసెన్సు బోర్డ్ ఎగ్జామ్‌కి కోచింగ్ క్లాస్ సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే మర్నాడు మొదలు. మా బేస్‌మెంట్‌లో గది ఖాళీ. మండేలోగా చెప్పు, సీటు హోల్డ్ చేయిస్తాను. ఇది కూడా వదిలేశావంటే ఇక నేను ఫోన్ చెయ్యను, చూసుకో.”

భర్తతో చెబితే అతను కాదనలేదు. “మంచిదే. క్యాంపెయిన్ అయ్యాక చూద్దాం,” అన్నాడు. పోయినేడూ అదే అన్నాడు, అంతకు ముందేడూ అదే. కాదని ఉంటే పోట్లాడి ఉండేది. చూద్దాం అన్నవాడితో ఏమని పోట్లాడుతుంది?

మధ్యాహ్నం నాలుగవుతుండగా జ్ఞానమ్మ కేక పెట్టింది.

“అమ్మాయ్! తూనీగలు! వాన ముంచుకొస్తోంది, రా, రా!”

విమల బయటికి వచ్చి చూస్తే నిజమే. పెరడు మీద, దారి మీద, దుంప చేల మీద వందలకొద్దీ తూనీగలు, పెద్దవి, ఆకుపచ్చ మెడలవి, మనిషి ఎత్తున గుంపుగా తిరుగుతున్నాయి. గోదావరి గట్టున పుట్టినవాళ్ళకి ఇంకొకరు చెప్పాలా? తూనీగలు కిందికి దిగి గుంపు కట్టాయంటే గడియలో వాన. ఆకాశం వంక చూడాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. విమల రగ్గులు తాడు మీంచి లాగి లోపల పడేసింది, స్వెట్టర్లు ఒళ్ళో వేసుకుంది. అత్తాకోడళ్ళు చెరో కొనా పట్టుకుని వడియాల దుప్పటి వరండాలోకి మోశారు. సగం వడియాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది, రోడ్డుకి అవతల మిసెస్ క్రూగర్ కోసిన గడ్డి పొలంలోనే ఉందని. డెబ్భై దాటిన ఆ ముసలావిడ మొగుడు పోయాక కూడా ఒంటిచేత్తో ఆవుల్ని నెట్టుకొస్తోంది. గడ్డి తడిస్తే కుళ్ళిపోతుంది. విమల చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

“రెయిన్! మిసెస్ క్రూగర్, రెయిన్ వస్తోంది! మీ గడ్డి!”

ఆవిడ ట్రాక్టర్ ఆపి పైకి చూసింది. నీలంగా, కడిగిన పింగాణీ పళ్ళెంలా ఉంది ఆకాశం. “రేడియోలో చెప్పలేదే. నీకెవరు చెప్పారు?”

విమల తూనీగల వైపు చెయ్యి చూపించి, మా దేశంలో ఇలా వస్తే వాన అని, రొప్పుతూ చెప్పింది. చెబుతుండగానే తన మాట తనకే అదోలా వినిపించింది. ముసలావిడ నవ్వుతుందనుకుంది. ఆవిడ నవ్వలేదు, టోపీ తీసి మొహం తుడుచుకుంది.

“వాన తేవడానికి రాలేదమ్మా అవి. వెళ్ళిపోతున్నాయి. ఏటా ఈ రోజుల్లోనే, ఉత్తరం గాలి తిరగ్గానే, దక్షిణానికి పోతాయి.”

“ఇప్పుడా? ఇంకా చలే రాలేదుగా?”

“చలి వచ్చాక వాటికి రెక్క ఆడదు. ముందే పోవాలి.”

“మళ్ళీ వస్తాయా?”

“ఏమో, నేనెప్పుడూ అడగలేదు.” ఆవిడ టోపీ పెట్టుకుంది. “నా మటుకు నాకు ఇంకో మూడు రోజులు మంచి ఎండ దొరికింది. వెళ్ళి చెప్పులేసుకో.”

విమల వెనక్కి నడిచింది. రోడ్డు తారు అరికాళ్ళకి ఇంకా వేడిగానే ఉంది. అయిదేళ్ళుగా కళ్ళముందే కనపడుతున్న ఈ గుంపులని తను ఒక్కసారీ సరిగ్గా చూడలేదా, చూసి వానే అనుకుని రగ్గులు లోపలేసుకుందా, ఎంత ఆలోచించినా జ్ఞాపకం రాలేదు. ఒక్కటి మటుకు తట్టింది. ప్రతి ఆగస్టులోనూ తను చేసింది గుర్తులు లెక్కపెట్టుకోవడమే. కొమ్మ ఎర్రబడింది, ఎండ వాలింది, పూలొచ్చాయి అని. లెక్క పూర్తయ్యేసరికి మంచు పడేది.

వంటింట్లో జ్ఞానమ్మ అంటుకున్న వడియాలు విడదీస్తోంది.

“ఏదీ వాన?”

“రాదంట అత్తయ్యా. తూనీగలు దక్షిణానికి పోతున్నాయంట.”

“పోతున్నాయా! తూనీగల్ని కూడా వలస పంపించే ఊరా తల్లీ ఇది!” ఆవిడ పకపకా నవ్వి, తర్వాత కోడలి మొహం చూసి ఆపేసింది.

విమల సింకు దగ్గర గుడ్డ తడిపి కాళ్ళు తుడుచుకుంటూ అడిగింది. “అత్తయ్యా, పొద్దున్నే జ్యోతికి జడ వెయ్యగలరా మీరు? చేతులు నొప్పి పుడతాయేమో.”

“పిల్లకి జడ వెయ్యలేనా? ఎందుకడుగుతున్నావ్?”

“ఊరికే.”

జ్ఞానమ్మ రెండు వడియాలు విడదీసింది, మూడోది విరిగిపోతే నోట్లో వేసుకుంది. “నాకు ఆ కరెంటు పొయ్యితోనే చిక్కు. ఏ మీట ఏ పొయ్యిదో తెలిసి చావదు. రేపు మధ్యాహ్నం గుడి పాస్టరుగారి ప్రసంగాల టేపు అయ్యాక నేర్పించు,” అంది.

విమల పైకి వెళ్ళి, పడకగదిలో ఫోను తీసి, ట్రాయ్‌కి డయల్ చేసింది. అయిదు నిమిషాలు కూడా మాట్లాడలేదు.

రాత్రి భోజనాల దగ్గర సుందర్ రాజ్ మంచి హుషారు మీద ఉన్నాడు. “ఏం విమలా, గొడుగు ఇమ్మంటావా? ఫ్యాక్టరీలో అందరికీ చెబుతాను, ఇకనుంచి వెదర్ రిపోర్ట్ మా ఇంటి నుంచే అని.”

“డాడీ, మమ్మీ బేర్‌ఫుట్ పరిగెత్తింది తెలుసా? మిసెస్ క్రూగర్ ట్రాక్టర్ స్టాప్ చేసింది!”

“నవ్వండి, నవ్వండి. ముందు అరిచింది నేను,” అంది జ్ఞానమ్మ.

విమల కూడా నవ్వింది. అతనికి మారు వడ్డించింది. కంచాలు తీశాక, రోజూలాగే జ్ఞానమ్మ బైబిలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థనకి ముందు ఒక్కొక్కరూ తమ ప్రార్థన అంశం చెప్పాలి. చెప్పినదాన్ని ఎవరూ తర్కించకూడదు, ఎగతాళి చెయ్యకూడదు. అది జ్ఞానమ్మ అత్తవారింటి నుంచి వస్తున్న కట్టుబాటు. విమల వంతు వచ్చినప్పుడల్లా, పెళ్ళైన పదిహేనేళ్ళూ, “అందరి ఆరోగ్యం” అనేది.

“నువ్వు చెప్పవే,” అంది జ్ఞానమ్మ మనవరాలితో.

“ఎయిత్ గ్రేడ్‌లో మాథ్ టీచర్ మంచోడు రావాలి.”

“నువ్వురా?”

“ట్రయల్ రన్ సవ్యంగా జరగాలమ్మా. బాయిలర్ మళ్ళీ మొరాయించకూడదు.”

“నా మోకాళ్ళ సంగతి దేవుడికి తెలుసు, వేరే చెప్పక్కర్లేదు,” అని ఆవిడ కోడలి వైపు తిరిగింది. “విమలా?”

విమల చేతులు బల్ల మీద పెట్టుకుంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

“లేబర్ డే నాడు నేను ట్రాయ్ వెళ్తున్నాను. శశికళకి చెప్పేశాను. వారమంతా అక్కడే ఉండి డ్యూటీ చేసుకుంటూ చదువుకుంటాను, శుక్రవారం సాయంత్రం బస్సులో వస్తాను. ఫిబ్రవరిలో పరీక్ష. పాసవ్వాలని ప్రార్థన చెయ్యండి.”