పైపులో గాలి

కూచిపూడి దాటగానే టెంపరేచర్ ముల్లు లేవడం మొదలైంది. జయపాల్ చూసీ చూడనట్టు ఇంకాస్త దూరం నడిపాడు. వెనక సీట్లో అత్తగారు శౌరమ్మ చెంగు తలమీదుగా కప్పుకుని, కిటికీకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆవిడ డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు చల్లపల్లి నుంచి విజయవాడకి ఈ ప్రయాణం. ఆవిడ కూతురు, జయపాల్ భార్య హెలెన్ ఉన్నప్పుడు మొదలైంది. హెలెన్ పోయి ఏడాది దాటింది. ప్రయాణం మాత్రం ఆగలేదు.

ముల్లు ఎర్రగీతని తాకబోతుంటే బండి కాలవ పక్కకి తీసి ఆపేశాడు.

"ఏమైంది బాబూ?"

"ఇంజన్ వేడెక్కిందత్తమ్మా. కాసేపు ఆగాలి."

తప్పు తనదే. నిన్న సాయంత్రం చిల్లుపడ్డ రేడియేటర్ పైపు తనే మార్చి, ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ పోసి, మూత బిగించి పడుకున్నాడు. గాలి తీయాలని తెలుసు, ఓపిక లేకపోయింది. ఈ పాత వ్యానుకి ఇంజన్ సీటు కింద, రేడియేటర్ ముందు మూతి దగ్గర. మధ్యలో బండి పొట్ట కింద పొడుగాటి పైపులు. వాటిలో గాలి చిక్కుకుంటే కూలెంట్ తిరగదు, ఇంజన్ ఉడికిపోతుంది. వంగి చెయ్యి పెట్టి చూశాడు. ఇంజన్ దగ్గర పైపు కాలిపోతోంది. రేడియేటర్ చల్లగా ఉంది.

వేడి మీద మూత తీస్తే మొహం కాలుతుంది. చల్లారేదాకా ఆగాల్సిందే. హాస్పిటల్లో సిస్టర్ డయానాకి ఫోన్ చేశాడు.

"లేటైతే మీ బెడ్ ఇంకొకరికి ఇచ్చేస్తారండీ. మధ్యాహ్నం షిఫ్టులో ఏమన్నా ఖాళీ ఉంటుందేమో చూస్తాను," అందామె.

బస్సులు కిక్కిరిసి పోతున్నాయి. అత్తగారు వాటిలో ఎక్కే స్థితిలో లేదు. శౌరమ్మ తలుపు జరిపి కాళ్ళు బయటికి పెట్టుకుని కూర్చుంది. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు.

"వెనక్కి పోదాం. ఇవాళ వద్దులే," అంది.

ఆ మాటకి జయపాల్‌కి ఒళ్ళంతా తేలికైనట్టయింది. ఇంటికెళ్ళి ఫ్యాను కింద పడిపోవచ్చు. అంతలోనే ఆ పాదాలు కంటబడ్డాయి.

"ఇవాళ ఒక్కరోజేనా, మొత్తానికే మానేద్దామనా?"

ఆవిడ కాలవ వైపు మొహం తిప్పుకుంది. "నా బిడ్డే లేకుండా పోయింది. నీకెందుకు నాయనా ఈ చాకిరీ? చర్చిలో అందరూ నిన్ను మెచ్చుకుంటుంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు. నిజం చెప్పు, విసుగు రావడం లేదూ?"

రావడం లేదని చెప్పడం అతనికి అలవాటే. ఇవాళ అబద్ధమాడటానికి కూడా ఓపిక లేదు.

"వస్తోందత్తమ్మా. బాగా అలిసిపోయాను. పొద్దున్నే లేవాలంటే ఏడుపొస్తోంది."

శౌరమ్మ అతని వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. "నాకూ అంతే. ఆ సూది చూస్తే ఏడుపొస్తది. చెప్తే నువ్వు బాధపడతావని చెప్పలేదు."

చెరుకు ట్రాక్టరొకటి ఉయ్యూరు వైపు రోడ్డు అదరగొడుతూ పోయింది. అది కనుమరుగయ్యాక జయపాల్ అన్నాడు. "మీరు మానేస్తే నాకు నిద్ర పడుతుందనుకున్నారా? ఆ ఇంట్లో నాతో మాట్లాడేది మీరొక్కరే."

ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది. "సరే. ఏం చెయ్యాలో చెప్పు."

ఇంజన్ చల్లారాక బండిని కల్వర్టు ఎత్తు మీదికి నడిపి, పైపుల్లో గాలి రేడియేటర్ వైపు తేలేలా మూతి పైకి పెట్టి ఆపాడు. హ్యాండ్‌బ్రేకు లాగి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డంపెట్టాడు. ఆవిడని చెయ్యిపట్టి తెచ్చి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ ఆన్ చేసి, యాక్సిలరేటర్ చూపించాడు.

"ఇది తొక్కితే బండి పోదూ?"

"న్యూట్రల్లో ఉందత్తమ్మా. మెల్లగా తొక్కండి."

ఆవిడ ఒక్కసారిగా తొక్కింది. ఇంజన్ అరిచేసరికి "యేసయ్యా!" అని కాలు వెనక్కి లాక్కుంది. జయపాల్‌కి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. రెండోసారి కుదురుగా తొక్కింది.

మూత తీసిన రేడియేటర్‌లోకి చూస్తూ అతను పైపుని పిసికి వదులుతున్నాడు. గుడగుడమంటూ బుడగలు తేలాయి. కూలెంట్ దిగిపోయింది. సీసాలోంచి ఇంకాస్త పోశాడు. మళ్ళీ పిసికాడు, మళ్ళీ బుడగలు.

"కాలు లాగేస్తోంది బాబూ."

"ఇంకొంచెం. వస్తోంది."

బుడగలు చిన్నవై, ఆగిపోయాయి. రేడియేటర్ మీద చెయ్యి వేశాడు. వెచ్చగా తగిలింది. "చాలత్తమ్మా," అని మూత బిగించాడు. ఆవిడ చెమటలు కక్కుతూ స్టీరింగ్ మీద తల వాల్చింది.

పొద్దుటి బెడ్ పోయింది. మధ్యాహ్నం దాకా కూర్చున్నాక డయానా ఇంకొకటి ఇప్పించింది. జయపాల్ బయట బెంచీ మీద నోరు తెరుచుకుని నిద్రపోయాడు. తిరిగొచ్చేటప్పుడు ముల్లు కదల్లేదు. కంకిపాడు దాటాక శౌరమ్మ నోరు విప్పింది.

"మన వీధి సంపూర్ణమ్మ కూడా శనివారాలు డయాలసిస్‌కి అక్కడికే వస్తది, వాళ్ళ కారులో. రమ్మని ఎన్నాళ్ళ నుంచో అంటోంది. నువ్వేమనుకుంటావోనని ఊరుకున్నాను. ఈ వారం నుంచి శనివారాలు ఆవిడతో పోతా."

ఎందుకత్తమ్మా, నేనున్నానుగా అందామనుకున్నాడు. "వెళ్ళండి," అన్నాడు.

శనివారం తెల్లవారుతూనే కారు హారన్ వినబడి ఉలిక్కిపడి లేవబోయాడు. గుమ్మంలోంచి శౌరమ్మ, "నువ్వు పడుకో," అని తలుపు దగ్గరగా వేసింది. కారు మలుపు తిరిగేదాకా ఆ చప్పుడే వింటూ పడుకున్నాడు. ఆ తర్వాత దుప్పటి ముసుగేసుకుని అటు తిరిగాడు.