పొయ్యి చూడని గింజ

మా మేనత్త జ్ఞానాంబ ఎవరింట్లో ఏం తిన్నా "బాగుండాది" అనేది. పప్పులో ఉప్పు ఎక్కువైనా, సంగటిలో పిండి ఉండలు పంటికి తగిలినా అదే మాట. పరాయి ఇంట్లో తింటూ వంక పెట్టకూడదని ఆమె నియమం. వంకలన్నీ మా కోసం దాచుకునేది. నా పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది. తిరుపతిలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా నా చేతి వంట తిన్నది కానీ, బాగుందని ఒక్కసారీ అనలేదు. మొదట్లో నొచ్చుకునేదాన్ని. ఆ తర్వాత అర్థమైంది, నా ఇల్లు ఆమెకు పరాయి ఇల్లు కాదని.

మా అమ్మ పోయాక నన్నూ, తమ్ముడు మోహన్‌కృష్ణనూ పెంచింది అత్తే. పలమనేరు దగ్గర మా ఊళ్ళో ఆమెకు రెండెకరాల మెట్ట ఉంది. చెనిక్కాయ చేలో, ఆ వేరుశనగ సాళ్ళ మధ్య, చిక్కుడు జాతి గింజ అనప వేసేది. ఆ విత్తనం మా అవ్వ నాటిది. గింజ చిన్నది, కన్ను దగ్గర సన్నటి గోధుమరంగు చార. మార్గశిరంలో మంచు పడ్డాక కాయలు ఒలిస్తే వేళ్ళకు జిడ్డు అంటేది. సబ్బుతో తోమినా రెండు రోజుల దాకా ఆ వాసన పోయేది కాదు. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున్నే ముగ్గురం చుట్టూ కూర్చుని ఒక్కొక్కటే రెండు వేళ్ళ మధ్య పెట్టి పితికేవాళ్ళం. పొట్టు వేళ్ళలో మిగిలి, పప్పు ఎగిరి గిన్నెలో పడేది. మోహన పప్పు నోట్లో పడేలా పితికేవాడు. అత్త వాడి చేతి మీద ఒకటి వేసేది.

తినే గింజ వేరు, విత్తే గింజ వేరు. విత్తనాన్ని అత్త బూడిదలో కలిపి, మట్టి కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి, పేడా ఎర్రమన్నూ కలిపి మెత్తేది. కరువు సంవత్సరం కూడా ఆ కుండ విప్పి వండిన పాపాన పోలేదు. "ఇత్తనం పొయ్యి మొగం సూడకూడదు" అనేది.

మోహన చెన్నైలో హోటల్ చదువు చదివాడు. బెంగళూరులో పెద్ద హోటల్లో పదేళ్ళు విదేశీ వంటలు వండాడు. చివరికి అవన్నీ వదిలేసి తిరుపతి శివార్లలో ఇరవై నాలుగు కుర్చీలతో సొంతంగా ఒక భోజనశాల తెరిచాడు. మన చుట్టుపక్కల పండనిది, మొలవనిది అక్కడ పళ్ళెంలోకి రాదు. రాగులు, కొర్రలు, నల్లేరు, చేలల్లో కలుపుతో పాటు పెరికి పారేసే గురుగాకు, గుట్టల్లో దొరికే కలివికాయలు. నెల ముందు చెప్పుకుంటే గానీ చోటు దొరకదని చెన్నై, బెంగళూరు వాళ్ళు అనుకునేదాకా వచ్చింది. అందరూ చెప్పుకునేది మాత్రం అత్త చేలో పండిన అనపగింజలతో వాడు చేసే పితికిపప్పు గురించే. అరచేతిలో పట్టే మట్టి గిన్నెలో, గుప్పెళ్ళ కొద్దీ పప్పు ఉడికించి తీసిన చారు, అందులో పది పన్నెండు పప్పులు, పక్కన రాగిపిండితో చేసిన అప్పడంలాంటి పలుచటి రేకు. ఆ ఒక్క గిన్నె మాత్రం వాడే స్వయంగా తెచ్చి పెట్టి, అత్త గురించి చెప్పేవాడు.

అత్త అక్కడికి వెళ్ళింది ఒక్కసారే. గిన్నెలోకి వంగి చూసి, "ఇది వాసన సూసేదానికా నాయనా, తినేదానికా?" అంది. పక్క బల్ల వాళ్ళు కూడా నవ్వారు. తిన్నాక, ఉల్లిగడ్డ ఎక్కువ వేగిందనీ, తన అమ్మ ఇంత ఎర్రగా వేయించేది కాదనీ చెప్పింది. మరునాటి నుంచి ఉల్లిగడ్డ వేపు తగ్గింది. ఆమె వంక పెట్టిన రోజు వాడు హుషారుగా ఉండేవాడు.

ఒక సంవత్సరం అనప పూత మీద తుపాను వాన పడింది. పండింది కొలిస్తే మూడు పడులు, నాలుగైదు కిలోలు. మూడూ అత్త విత్తనాల కుండలో పోసి మెత్తేసింది. మోహన పాత గింజలతో మాఘం దాకా నెట్టుకొచ్చాడు. తర్వాత అవీ అయిపోయాయి.

మార్చిలో అత్త గడప దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. తిరుపతి తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ గదికి వెళ్తూ కూడా, ఖాళీ ఇంట్లో ఎలుకలు తిరుగుతాయి, కుండ తెచ్చి నీ దగ్గర పెట్టుకోమని నాకే చెప్పింది. తెచ్చి మా సామాన్ల గదిలో పెట్టాను.

వారం తిరక్కుండా మోహన వచ్చాడు. దేశంలో మేలైన భోజనశాలలను ఎంచేవాళ్ళు పద్నాలుగు మంది వస్తున్నారట. ఆ గిన్నె లేకుండా వాళ్ళకు భోజనం పెట్టడమంటే తన పదిహేనేళ్ళ పని లేకుండా పెట్టడమేనన్నాడు. అంగడి గింజలతో చెయ్యమన్నాను. వాళ్ళకేం తేడా తెలుస్తుందన్నాను.

"నాకు తెలుస్తాదక్కా" అన్నాడు. సామాన్ల గది వైపు చూస్తూ, "సగం ఇయ్యి. మిగతా సగం ఇత్తనానికి సాలు. అత్తకు నేను చెప్పుకుంటాను" అన్నాడు.

వాడి మాటలో అబద్ధం లేదు. అందుకే కాదనలేకపోయాను. కత్తి మొనతో నేనే మట్టి పెళ్ళగించాను. ఒకటిన్నర పడి కొలిచి ఇచ్చాను.

కుండ విప్పేసరికి గదంతా బూడిద అయింది. నేను అలమారలో దుమ్ము చూసి ఓర్చుకోలేని మనిషిని. మిగిలిన గింజలు జల్లెడ పట్టి, గుడ్డతో తుడిచి, కడిగి ఆరబెట్టిన స్టీలు డబ్బాలో పోసి మూత బిగించాను. తేదీ రాసిన చీటీ అంటించాను. బూడిద కరివేపాకు చెట్టు మొదట్లో పోశాను. కుండ కడిగి బోర్లించాను. పని శుభ్రంగా అయిందనుకున్నాను.

ఆ పద్నాలుగు మందీ తిన్నారు. మే నెలలో మోహన పేరు ఎంపికైన వాళ్ళ జాబితాలో వచ్చింది. పత్రికలో వాడి ఫొటో, పక్కన ఆ గిన్నె. అత్త అప్పటికి మా ఇంట్లో చేతికర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. ఫొటో చూసి, నవ్వితే ఏం పోయిందని వాణ్ని తిట్టింది. కుండ సంగతి ఇవాళ చెప్తాను, రేపు చెప్తానని మోహన దాటేస్తూ వచ్చాడు.

జూలైలో నేల తడిసేంత వాన పడింది. అత్త భూమిని కోరుకు, అంటే పంటలో పాలుకు, చేసే మునిరామయ్య విత్తనం కోసం రేపు వస్తున్నాడని ఫోన్ వచ్చింది. కుండ తెమ్మంది అత్త. నేను వెళ్ళి డబ్బా మూత తీశాను.

వెచ్చటి పిండి వాసన కొట్టింది. ప్రతి గింజకూ గుండుసూది తలంత రంధ్రం. పైన నల్లటి పురుగులు తీరిగ్గా తిరుగుతున్నాయి. పళ్ళెంలో పోసి ఒక్కొక్క గింజా చూశాను. నొక్కితే పొట్టు మాత్రమే మిగిలింది.

మోహనకు ఫోన్ చేశాను. ఒక్క గింజైనా బాగుందా అని రెండుసార్లు అడిగాడు. తర్వాత, అంగడి విత్తనాలు తెస్తాను, బూడిదలో కలిపి కుండ మెత్తేద్దాం, గింజ మీది సన్న చార ఆమె చూపుకు ఆనదు కదా అన్నాడు. మార్చిలో, తనకు తేడా తెలుస్తుందని చెప్పింది ఈ మనిషే. ఫోన్ పెట్టేసి, అత్త మంచం దగ్గర కింద కూర్చుని చెప్పేశాను. సగం మోహన వండాడని, సగం నా దగ్గర పురుగు పట్టిందని.

అత్త నా మొహం చూడకుండా అడిగింది. "బూడిద ఏం జేస్తివి?"

"కరివేపాకు సెట్టుకు పోసినానత్తా."

ఆమె దుప్పటి అంచు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు.

"తిన్నోళ్ళు ఏమన్నారు పాపా?"

"శానా బాగుండాదన్నారు."

"బాగుండక ఏం జేస్తాది. మా అమ్మ గింజ అది" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

మోహన భోజనశాల మూడు రోజులు మూసేసి, మునిరామయ్యను వెంటబెట్టుకుని ఊళ్ళన్నీ తిరిగాడు. అత్త దగ్గర ఎప్పుడో విత్తనం పట్టుకెళ్ళిన ఇళ్ళన్నీ అడిగాడు. ఒకరు ఆ చేలో మామిడి పెట్టామన్నారు. ఒకరు టమోటా అన్నారు. అనప వేసే ఒకరిద్దరి దగ్గరా ఉన్నది అంగడి విత్తనమే. నా దగ్గరికి వచ్చి ఖాళీ సంచి బల్ల మీద పెట్టి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. లోపల అత్తను పలకరించలేదు.

చలికాలం వచ్చింది. తిరుపతి వీధుల్లో అనపకాయలు రాసులు పోశారు. కిలో తెచ్చి ఒలిచాను. ఒలిచాక వేళ్ళు వాసన చూసుకున్నాను. పచ్చికాయ వాసన, అంతే. చెయ్యి కడిగితే అదీ పోయింది. మోహన తన భోజనశాలలో ఆ గిన్నె పెట్టడం మానేశాడు కానీ, వచ్చినవాళ్ళు అదే అడుగుతున్నారట.

జనవరిలో ఒక మధ్యాహ్నం వాడు మా ఇంటికి వచ్చి, నా వంటింట్లోనే బజారు గింజలతో పితికిపప్పు వండాడు. నేను పక్కనే నిలబడి చూశాను. ఉల్లిగడ్డ ఎర్రగా వేగింది, ఇంకా వేగింది, నల్లబడబోయింది. మంట తగ్గించమనబోయి వాడి మొహం చూసి ఊరుకున్నాను. కావాలనే చేస్తున్నాడు.

అత్త మంచం మీద లేచి కూర్చుంది. వాడు గిన్నె చేతికిచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆమె తొందరలేకుండా తిన్నది. చివరి పప్పు కూడా తీసి తిన్నది. కొంగుతో మూతి తుడుచుకుని, పరాయి ఇంట్లో ఇచ్చినట్టు రెండు చేతులతో గిన్నె తిరిగి ఇచ్చింది.

"బాగుండాది నాయనా" అంది.

గిన్నె నేను అందుకున్నాను. మోహన లేవలేదు. ఉల్లిగడ్డ సంగతి ఎత్తుతుందేమోనని ఇంకా ఆమె మొహం వైపే చూస్తున్నాడు.