తిరగబడ్డ గోల్‌కీపర్

మావారు ఫ్రిజ్ మెకానిక్. ఎంత బరువు ఫ్రిజ్‌నైనా అవలీలగా జరిపేసే ఆ చేతులు, ఇంట్లో ఒక్క అట్టముక్క దగ్గరికొచ్చేసరికి పురిటిబిడ్డను ఎత్తుకున్నంత మెత్తబడతాయి. అది చిన్నప్పుడు బబుల్‌గమ్ ప్యాకెట్లో వచ్చిన ఆటగాడి కార్డు. అచ్చువేసినవాడు కునికిపాట్లు పడ్డాడేమో, గోల్‌కీపర్ బొమ్మ తిరగబడి, చొక్కా మీద నంబరు అద్దంలో చూసినట్టు పడింది. తప్పు తెలిసి కంపెనీ ఆపేసిందట. నలగకుండా మిగిలినవి లోకం మొత్తానికి నాలుగేనట, అందులో ఒకటి మా బీరువాలో ఉంది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని అచ్చువేసిన కార్డుకు విలువ లేదు, నిద్రమత్తులో వేసినదానికి ఉంది. ఈ వ్యాపారం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

పొద్దున్నే ఫోన్లో దాని రేటు చూడందే ఆయనకు కాఫీ దిగదు. పెరిగితే నాకు కూరలు తరిగిపెడతారు. తగ్గితే కత్తిపీట ఎక్కడుంటుందో కూడా గుర్తుండదు.

ఈమధ్య బాగా పెరిగింది. అమ్మేసి నాకు ఎంబ్రాయిడరీ మిషను కొంటానన్నారు. చేత్తో కుట్టీ కుట్టీ నా బొటనవేలు మొద్దుబారింది, ఇలాగే కుడితే ఆ వేలు ఇక పనికిరాదని డాక్టరమ్మ చెప్పేసింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేనప్పుడే రంగురంగుల దారాలు కొనేసి, కిటికీ పక్కన మిషనుకు చోటు తుడిచిపెట్టాను.

ఇలాంటి పాత కార్డులు కొని అమ్మే షాపతను ఆదివారం వచ్చి తీసుకుంటానన్నాడు. ముందురోజే మా వదిన వచ్చింది. మావారి అక్కగారు, మా వీధి చివర జెరాక్సు షాపు ఆవిడదే. ఆవిడ ప్రేమంతా లామినేషన్ మిషన్లోంచే బయటికొస్తుంది. మావారి మార్కుల కాగితాలు, మా పెళ్ళి ఫొటో, ఏదీ తప్పించుకోలేదు. ఈయన మురిపెంగా కార్డు చూపించారు. మర్నాడు పొద్దున ఆవిడ మళ్ళీ వచ్చి, ఈయన స్నానానికి వెళ్ళగానే దాన్ని పట్టుకుని షాపుకెళ్ళి వచ్చింది.

"ఇదుగోరా. గుచ్చుకోకుండా మూలలు గుండ్రంగా కత్తిరించాను కూడా. ఇక నీళ్ళల్లో పడేసినా దీనికేం కాదు."

మావారి మొహంలో నెత్తురుచుక్క లేదు. అతుక్కున్న ప్లాస్టిక్ ఇక ఊడదని, మూల తెగిన కార్డుకు చిల్లిగవ్వ రాదని ఆయన చెప్పగా చెప్పగా నాకూ తెలుసు. కోపం నషాళానికంటింది. నోరు తెరవబోతే ఆయన కళ్ళతోనే వద్దన్నారు.

"బాగుందక్కా."

"బాగుండక? కొనిపెట్టింది నేనేగా. బస్సు డబ్బులు దీనికి పెట్టేసి, బడినుంచి నడిచొచ్చాను. బబుల్‌గమ్ కూడా నీకే ఇచ్చాను."

అది విని నా కోపం చల్లారిందంటే అబద్ధం. కానీ వెళ్ళి ఆవిడకు కాఫీ కలిపాను.

భూతద్దం పట్టుకుని కార్డుల షాపతను రానే వచ్చాడు. గుమ్మం దగ్గరే మావారు గొంతు తగ్గించి సంగతి చెప్పారు. అతను కార్డును చూశాడు, వదినను చూశాడు, భూతద్దం జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇంత జాగ్రత్త చేసిన కార్డు నేనెక్కడా చూడలేదండీ. దీనికి రేటు కట్టడం నా వల్ల కాదు."

వదిన పొంగిపోయింది. "లామినేషన్‌కు వీడి దగ్గర నేనేం తీసుకోలేదు బాబూ. అది ధరలో కలపొద్దు."

ఆవిడ వెళ్ళాక నేను దారాలు డబ్బాలో సర్దుతుంటే మావారు పక్కన కూర్చుని నా బొటనవేలు నిమిరారు.

"మిషను కొంటాను. కాస్త ఆలస్యమవుతుంది, అంతే."

"ఆవిడతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెబితే అక్క ఇక ఆ లామినేషన్ మిషను ముట్టుకోదే."

ఈ మనిషి మీద నాకు పెళ్ళినాటికన్నా ఎక్కువ ఇష్టం పుట్టింది. మిషను మీద ఆశ మాత్రం పోలేదు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున ఆయన ఫోను చూసి, కత్తిపీట తెచ్చుకుని వంకాయలు ముందేసుకున్నారు.

"ఏంటి సంగతి?"

"గోల్‌కీపర్ రేటు ఆకాశాన్నంటింది."

"మనది పోయాక పెరగడమేంటి?"

"మనది పోయింది కాబట్టే. లోకంలో ఇక మూడేగా." ఒక వంకాయ తరిగి, వీధి గుమ్మం వైపు ఓసారి చూసి గొంతు తగ్గించారు. "అక్కతో మాత్రం అనకు. ఆ మూడూ కూడా లామినేషన్‌కు తెచ్చిమ్మంటుంది."