రేడియేటర్ నిండా నీళ్ళు

ఇటుకలన్నీ రోడ్డు పక్కన దించి, పాత పికప్పును తాడేసి లాగించుకుని షెడ్డుకు చేరేసరికి డ్రైవరు చొక్కా వీపుకు అంటుకుపోయింది. పొద్దుటి నుంచి కడుపులో ఏమీ పడలేదు. ఎత్తు ఎక్కుతుండగా కాళ్ళ కింద ఎవరో సమ్మెటతో కొట్టినట్టు ఒక్క దెబ్బ. అంతే, బండి నోరు మూసేసింది.

షెడ్డు అతని బావమరిదిది. అంటే, పానాలు బావమరిదివి. కింద నేలా పైన రేకులూ బండి ఓనరువి. అక్కడికి వచ్చేవన్నీ ఓనరు బండ్లే. వేరే బండి కనబడిందంటే అది దారి తప్పి వచ్చినట్టే.

"ముసల్దాన్ని చంపేశావా బావా?" అని నవ్వుతూ బండి కిందికి దూరాడు బావమరిది.

"నేను చంపలేదురా. లోపల గడగడమంటోంది, చూపించండి సారూ అని ఎన్నాళ్ళుగా మొత్తుకుంటున్నా. వినే నాథుడేడీ?"

ఇంజను తిరుగుతుందేమోనని పానా తగిలించి ఇద్దరూ వేలాడారు. వెంట్రుకవాసి కదల్లేదు. అడుగున నూనె చాంబరు నట్టు విప్పితే నూనె కారింది. తారులా నల్లగా, మాడు కంపుతో. దాంట్లో లోహపు రజను తళతళలాడుతోంది. చాంబరు దించగానే విరిగిన రాడ్డు ముక్క బావమరిది గుండెల మీద పడింది. ఇంజను పక్కన పిడికిలి దూరేంత కన్నం. లోపల్నుంచి బేరింగు తునక ఒకటి తీసి వెలుగులో పట్టాడు. కాలి నీలం తిరిగిపోయింది.

అతని నవ్వు ఎటో పోయింది. "నూనెలో పస లేదు బావా. బేరింగు ఎండిపోయి పట్టేసింది. రాడ్డు తెగి ఇంజన్నే పొడిచేసింది. ఇంక ఇది పాత ఇనుము కొట్టుకే."

"ఆ నూనె పోసిందెవరు?"

పోసింది బావమరిదే. ఒక బండిలోంచి తీసిన పాడు నూనెను గుడ్డలో వడకట్టి ఇంకో బండిలో పోయించడం ఓనరు పద్ధతి. కొత్త నూనె ఖరీదు ఓనరు జేబులో మిగులుతుంది. ఇంజను పోయినప్పుడు దాని ఖరీదు మాత్రం స్టీరింగు పట్టినవాడి జీతంలోంచి పోతుంది. దీన్ని దోపిడీ అంటే వాళ్ళకు కోపం. ఆనవాయితీ అనాలట.

కబురు అంది ఓనరు వచ్చాడు. ఇంజను వంక చూడనైనా చూడలేదు.

"నీళ్ళు చూసుకోకుండా తోలావు కదూ?"

"నిండా ఉన్నాయండి." డ్రైవరు రేడియేటర్ మూత తీశాడు. అంచుదాకా నీళ్ళు. "వచ్చి చూడండి సారూ. ఇది నీళ్ళ వల్ల పోయింది కాదు, నూనె వల్ల పోయింది."

ఓనరు అడుగు కదపలేదు. బావమరిది వైపు తిరిగాడు. "మెకానిక్కువి నువ్వు. నువ్వు చెప్పు. నీళ్ళున్నాయా?"

బావమరిది కాసేపు చేతిలోని బేరింగు తునకనే చూశాడు. తర్వాత కూర్చుని, రేడియేటర్ అడుగున ఉన్న కుళాయి తిప్పాడు. నీళ్ళు ధారగా పడి, మట్టిలో పాయలుగా పారి, డ్రైవరు చెప్పుల కిందికి వచ్చాయి. ధార ఆగేదాకా ముగ్గురూ దాన్నే చూశారు.

"నీళ్ళు లేవండి," అన్నాడు బావమరిది.

"విన్నావుగా. చెప్పింది నీ సొంత బావమరిదే. పరాయివాడి మాట పట్టుకుని నిన్ను అంటున్నానా నేను?"

"ఒరేయ్, రేపు మీ అక్క మొహం ఎలా చూస్తావురా?"

"ఇంటికెళ్తే ముందు నా పిల్లల మొహాలు చూడాలి బావా." అతను తల ఎత్తలేదు.

పన్నెండు వేల జీతంలో నెలనెలా ఆరువేలు కోత అన్నాడు ఓనరు. రెండేళ్ళు. డ్రైవరు తల ఊపాడు. ఊపక ఏం చేస్తాడు? ఆ మిగిలిన సగం కూడా లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

"అదిగో, ఆ నీలం బండి తీసుకుని, రోడ్డు పక్కన ఇటుకలు ఎక్కించుకెళ్ళి దింపిరా. చీకటి పడకుండా."

డ్రైవరు నీలం బండి దగ్గరికి నడిచాడు. బయల్దేరేముందు రోజూ చేసే పనే కాబట్టి బానెట్టు ఎత్తి నూనె మట్టం చూసే గేజి లాగాడు. దానికి అంటిన నూనెను వేళ్ళ మధ్య నలిపాడు. నీళ్ళలా జారుతోంది. జారుతూనే ఇసుకలా గరగరలాడుతోంది.

"ఇది నేను తోలను."

"ఏమన్నావ్?"

"నూనె మార్చేదాకా తోలను. ఇదీ పోతుంది. అప్పుడు మిగిలిన సగమూ కోస్తారు. ఆ తర్వాత కోయడానికి నా ఒళ్ళే ఉంటుంది సారూ."

"పోయి ఇంట్లో కూర్చో. నువ్వు కాకపోతే ఇంకొకడు." రేకుల నీడలో నడుం వాల్చిన ముసలి డ్రైవరును ఓనరు కేకేశాడు. ముసలాయన ఏమీ అడక్కుండా లేచి నీలం బండి ఎక్కి కూర్చున్నాడు. ఆ వయసులో ఇంకో ఓనరు పని ఇవ్వడు.

బానెట్టు ఇంకా తెరిచే ఉంది. ముసలాయన కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎలా ఉందిరా అబ్బాయ్, నూనె?"

డ్రైవరు తన నల్లటి వేళ్ళు పైకి చాచాడు. "నువ్వే చూడు బాబాయ్."

ముసలాయన ఆ వేళ్ళ మీది నూనె తన బొటనవేలికి రాసుకుని మెల్లగా నలిపాడు.

"అదేం అత్తరు కాదు, చాల్లే," అన్నాడు ఓనరు. "స్టార్ట్ చెయ్."

ముసలాయన తాళం మీద చెయ్యి వేశాడు. తిప్పలేదు. బండి దిగనూ లేదు.