గొంతు దిగని పితృశేషము

భాద్రపద బహుళపక్షమున వంశధార ఎఱ్ఱనీటితో ఒడ్డులొరసి పాఱుచు నింగినిండ కమ్ముకొన్న నీలనీరదమాలికల నడుమనుండి మధ్యాహ్నమార్తాండుడు ఒక్కింత తొంగిచూచు వేళ పెరటిగోడపై కాకులు పిండమునకై కాచుకొనియుండగా ముక్తేశ్వరరావుగారి యింట వారి తండ్రిగారి మహాలయశ్రాద్ధము జరుగుచుండెను. పితృదేవతలకు మాఱుగా కూర్చుండి భుజించు భోక్త నరహరి ఘనపాఠి. ఆయన వేదవేదాంగపారంగతుడు, ఆ చుట్టుపట్ల పితృకార్యములన్నిటికి పిలువక తప్పని మహనీయుడు. అట్టి మహనీయుని ఱొమ్ములో తొలిముద్దయే ఇఱుక్కొని కూర్చుండెను.

ఇది ఆనాటి ముచ్చట కాదు. చాలకాలముగా ఆయనకు అన్నము దిగుటలేదు. నీళ్లు త్రాగి మెడ నిక్కించి ఎట్లో లోనికి నెట్టుకొనుచు కట్టుకొన్న భార్యకు సైతము చెప్పక దాచెను. చెప్పినచో ఊరేమనును? బ్రాహ్మణార్థములు తిని తిని అరిగించుకొనలేకున్నాడు, పితరులే గొంతు పట్టుకొనిరి అనదా! ఆ తలంపునకే ఆయనకు ప్రాణము చచ్చిపోయెడిది. భోక్త వాంతి చేసికొనినచో శ్రాద్ధము చెడునని ఆయన యెఱుంగనిదా? ఎఱిగియే కూర్చుండెను. తిన్నదంతయు విస్తరిలోనికే వెడలివచ్చెను.

శ్రాద్ధకర్తయగు ముక్తేశ్వరరావుగారు నిశ్చేష్టులైరి. అందఱి చూపులును తనపై వ్రాలగా ఘనపాఠి సిగ్గుతో చితికిపోయి నోటికి వచ్చినది అనివైచెను.

"అన్నం పలుకండీ! ఉడకనే లేదు. పలుకన్నం ఎలా దిగుతుందీ?"

భోక్త వంట మంచిచెడ్డలు పలుకరాదని శిష్యులకు నేర్పిన నోరే అది! పితృకార్యములకు మడివంట చేసి పొట్ట పోసికొను పేరిందేవమ్మ వంటయింటి గుమ్మమున నిలిచి గిన్నెలోని మెతుకొకటి తీసి వ్రేళ్లనడుమ నలిపిచూచెను. అది వెన్నవలె నలిగెను. ఆమె ఆయనవంక చూచెను. ఆయన తల వంచుకొనెను. ఆనాటినుండి ఆమెను వంటకు పిలిచినవారు లేరు.

శీతకాలము వచ్చునప్పటికి గంజియు దిగక ఎముకలగూడైన ఘనపాఠి విశాఖపట్టణమున ఆసుపత్రి చేరెను. శస్త్రవైద్యురాలు సుభద్రగారు పరీక్షలన్నియు చేయించి నెమ్మదిగా చెప్పిరి.

"అన్నవాహిక అడుగున కండరం బిగుసుకుపోయిందండీ, తలుపు గడియపడ్డట్టు. ఎవరు వండినా, ఎంత మెత్తగా వండినా దిగదు. తప్పు అన్నానిది కాదు."

ఊరడింపుగా పలికిన ఆ మాట ఆయనకు చెంపపెట్టయ్యెను. పొట్టపై సన్నని రంధ్రములు చేసి వానిగుండ పరికరములు పంపి లోపొర చినుగకుండ ఆ కండరమును నిలువున చీల్చి కడుపులోని పులుపు పైకెగదన్నకుండ జీర్ణాశయపు పైకొసను దానిచుట్టు మడిచి కుట్టిరి. పిమ్మట తొలిసారి ఇచ్చిన చెంచాడు నీరు నిరాటంకముగా జాఱిపోగా ఆయన వెక్కివెక్కి యేడ్చెను. సంతోషమనుకొని నర్సమ్మ నవ్వెను. ఆయన కన్నులయెదుట నున్నదో, పేరిందేవమ్మ వ్రేళ్లనడుమ నలిగిన మెతుకు.

మఱుసటి మహాలయమునకు పిలుపు రాగా పేరిందేవమ్మ వండిననేగాని రానని ఆయన పట్టుబట్టెను. ఆనాడు పాదములు కడుగబోయిన ముక్తేశ్వరరావుగారిని ఆపి బంధువులందఱు వినుచుండ చేతులు జోడించెను.

"పోయినేడు అన్నం చక్కగానే ఉడికిందండీ. నాకే అప్పటికి గొంతు దిగడంలేదు. పరువు పోతుందని ఆవిడ మీదకి తోసేశాను. ఆవిడ నోటికాడ కూడు లాగేశాను."

"హవ్వ!" అని యెవరో ముక్కున వ్రేలిడుకొనిరి. ముక్తేశ్వరరావుగారు చెంబు పట్టుకొని నిలిచిపోయిరి. గుమ్మమునుండి పేరిందేవమ్మ "కాళ్లు కడగండి బాబూ, వేళ మించిపోతోంది" అని మాత్రమే యనెను.

వడ్డించునప్పుడు ఆమె వంగి ఆయనకే వినబడునట్లు పలికెను.

"నెమ్మదిగా కానివ్వండి. ఇవాళ మీకోసం ఇంకాస్త మెత్తగా వార్చాను."

ముద్దలన్నియు చక్కగా దిగెను. భోజనాంతమున కర్త ఆచారముచొప్పున తృప్తులైతిరా యని యడిగెను. తృప్తుడనైతినని బదులిచ్చుట భోక్త ధర్మము. వేదపదములను ముందువెనుకలుగా తడుముకొనక వల్లించు ఆ ఘనపాఠికి వైద్యురాలు తెఱచిన దారిని అన్నమంతయు దిగినది గాని గొంతునుండి ఆ ఒక్క మాట పెగలలేదు. ఖాళీయైన విస్తరిని చూచుచు తల వంచుకొని అట్లే కూర్చుండిపోయెను.